తక్కువ ఖర్చులో చర్చికి పైప్ ఆర్గన్: 134 గొట్టాల పథకం

పైప్ ఆర్గన్ కట్టుకుందామనుకున్న సంఘం అన్నిటికన్నా ముందు స్టాపుల (లాగితే ఒక్కో రకం పలుకునిచ్చే మీటల) జాబితా రాసుకుంటుంది. పొరపాటు అక్కడే మొదలవుతుంది. పది స్టాపులు, రెండు కీబోర్డులు, ముందువైపు మెరిసే గొట్టాల బారు అన్నీ కాగితం మీదికి ఎక్కుతాయి. డబ్బు అయిపోయేసరికి తిత్తికి నాసిరకం తోలు, గోల చేసే బ్లోవరు, సగం మూగ గొట్టాలు మిగులుతాయి. సంఘం చేత పాడించడానికి కావాల్సింది నిలకడైన గాలి, బాగా పలికే రెండు వరుసల గొట్టాలు, అడుగున ఊతమిచ్చే బేస్. ఇక్కడ చెప్పేది ఆ లెక్కలో వేసిన ఆర్గన్: 61 మెట్ల కీబోర్డు ఒకటి, కాళ్లతో వాయించే 30 మెట్ల పెడల్ బోర్డు ఒకటి, మొత్తం 134 గొట్టాలు. నూటయాభై మంది పాడే మందిరానికి ఇది చాలు.

కొయ్య కోసే ముందు ఒక మాట. యూరప్, ఉత్తర అమెరికాల్లో మూతపడుతున్న చర్చిల నుంచి చిన్న ఆర్గన్లు విప్పుకుపోయే ఖర్చుకే దొరకడం మామూలే. నాలుగైదు స్టాపుల పాత ఆర్గన్ మీ పైకప్పు ఎత్తుకు సరిపోయి, గాలిపెట్టె (గొట్టాలు నిలబడే, గాలి నిండే పెట్టె) పగుళ్లు లేకుండా, పురుగు పట్టకుండా ఉంటే, తిత్తి తోలు మొత్తం మార్చాల్సి వచ్చినా కొత్తది కట్టడం కన్నా అదే చవక. అలాంటిది దొరకనప్పుడే మిగతాది చదవండి.

134 ఎలా వచ్చింది

వరుస స్థాయిని అడుగుల్లో చెబుతారు: 8 అడుగులంటే అట్టడుగు సి స్వరానికి పైన తెరిచిన గొట్టం పొడవు; 4 అడుగుల వరుస దానికి ఒక ఆక్టేవ్ (12 మెట్లు) పైన, 16 అడుగులది ఒక ఆక్టేవ్ కింద పలుకుతుంది. మొదటి వరుస మూత ఉన్న చెక్క ఫ్లూట్, 8 అడుగుల స్థాయి, 61 గొట్టాలు. వీటిని మీరే చేస్తారు. రెండోది ప్రిన్సిపల్ (ఆర్గన్ అసలు పలుకు), 4 అడుగులు, 61 లోహపు గొట్టాలు. వీటిని పాతవి కొంటారు. మూడోది పెడల్‌కు 16 అడుగుల సబ్‌బేస్‌లో అట్టడుగు 12 గొట్టాలు మాత్రమే. వాటి పైనుండే పెడల్ స్వరాలకు 8 అడుగుల ఫ్లూట్ గొట్టాలే పలుకుతాయి.

ఒక్కో గొట్టం కింద ఒక్కో విద్యుత్ వాల్వు ఉంటుంది కాబట్టి ఒకే వరుసను రెండు స్టాపులుగా వాడుకోవచ్చు. ఫ్లూట్ నుంచి 8, 4. ప్రిన్సిపల్ నుంచి 4, 2. పై స్టాపుల్లో చివరి 12 మెట్లకు గొట్టాలు చాలవు. అక్కడ ఒక ఆక్టేవ్ కిందికి దిగి పాత గొట్టాలనే మళ్లీ పలికించండి. పాటలో ఎవరికీ తెలియదు. ఒక వరుసను రెండుకు మించి స్టాపులుగా మాత్రం చీల్చకండి. 8, 4 రెండూ లాగి ఒక సి, దాని పై సి కలిపి నొక్కితే మధ్య గొట్టాన్ని ఇద్దరు పిలుస్తారు, అది పలికేది ఒక్కసారే. స్టాపులు పెరిగేకొద్దీ ఇలాంటి ఖాళీలు పెరిగి, కలిపి వాయించే స్వరాలు పలచబడతాయి.

8 అడుగుల ప్రిన్సిపల్ ఎందుకు వద్దంటే, దాని అడుగు సి గొట్టం దాదాపు 2.4 మీటర్ల పొడవు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ ఆర్గన్ సిద్ధాంతకర్త టోప్‌ఫర్ వేసిన ప్రామాణిక కొలత ప్రకారం వ్యాసం 155 మి.మీ. దాటుతుంది. వరుస మొత్తం లోహంలో పెద్ద భాగాన్ని ఆ ఒక్క అడుగు ఆక్టేవే మింగేస్తుంది. పైన మూత వేసిన గొట్టం అదే స్వరాన్ని సగం పొడవులో ఇస్తుంది. అందుకే 8 అడుగుల బరువును చెక్క ఫ్లూట్ మోస్తుంది, స్పష్టతను 4 అడుగుల ప్రిన్సిపల్ ఇస్తుంది.

గాలి

పీడనం 65 మి.మీ. నీటిమట్టం పెట్టుకోండి. కొలవడానికి పారదర్శకమైన సన్న గొట్టాన్ని యు ఆకారంలో పలకకు కట్టి, సగం నీళ్లు పోసి, ఒక కొసను గాలిపెట్టెకు తగిలిస్తే చాలు. రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడాయే పీడనం.

ఆ పీడనం కోసం తిత్తి మీద పెట్టే బరువు లెక్క చాలా తేలిక: 1 మి.మీ. నీటిమట్టం అంటే చదరపు మీటరుకు 1 కిలో. 600 × 900 మి.మీ. పైపలక వైశాల్యం 0.54 చ.మీ., కాబట్టి 65 మి.మీ. పీడనానికి పలకతో కలిపి సుమారు 35 కిలోలు. ఇది పలక నాలుగు మూలలా సమంగా లేచే తిత్తికి వర్తిస్తుంది. ఒక పక్క బందుల మీద తెరుచుకునే తిత్తికి కాదు. మడతల వల్ల అసలు వైశాల్యం కాస్త మారుతుంది గనుక ఇటుకలతో మొదలుపెట్టి, యు గొట్టం చూస్తూ సరిచేయండి.

గాలి ఎంత కావాలో కూడా ఊహించనక్కర్లేదు. 65 మి.మీ. పీడనంలో గొట్టం నోటి (పలుకు పుట్టే చీలిక) సందులోంచి గాలి సెకనుకు దాదాపు 32 మీటర్ల వేగంతో వస్తుంది. అడుగు సి ఫ్లూట్‌కు సందు 80 × 0.8 మి.మీ. అయితే సెకనుకు 2 లీటర్లు. మధ్య సి దగ్గర అర లీటరు. సబ్‌బేస్ సి ఒక్కటే 4 లీటర్లు తాగుతుంది. స్టాపులన్నీ లాగి పది వేళ్లతో, ఒక కాలితో వాయిస్తే సెకనుకు సుమారు 24 లీటర్లు, అంటే నిమిషానికి 1.4 ఘనమీటర్లు. లీకులకు, భవిష్యత్తుకు కలిపి 2.5 ఘనమీటర్లు, 100 మి.మీ. పీడనం ఇచ్చే బ్లోవరు తీసుకోండి.

వాక్యూమ్ క్లీనర్ మోటారు పెడదామని చాలామందికి తోస్తుంది. వద్దు. దానికి పీడనం అవసరానికి మించి ఉంటుంది, గంటల తరబడి నడిస్తే బ్రష్‌లు అరిగిపోతాయి, ఆ కూతను ఏ పెట్టే ఆపలేదు. గాలి బొమ్మలను ఉబ్బించే సెంట్రిఫ్యూగల్ బ్లోవరు నయం. గోల ఉంటుంది గానీ, లోపల ఫోమ్ అంటించిన 18 మి.మీ. ప్లైవుడ్ పెట్టెలో పెట్టి, గాలి లోపలికి వచ్చే దారిని రెండు మలుపులు తిప్పితే చాలావరకు అణుగుతుంది. ఆ దారి ఇరుకైతే మోటారు వేడెక్కుతుంది. మలుపుల్లో ఎక్కడా బ్లోవరు నోటి వైశాల్యానికి రెండింతల కన్నా తగ్గనీయకండి. బ్లోవరు పీల్చే గాలి కూడా ఆర్గన్ ఉన్న గదిలోదే కావాలి. ఎండలో ఉన్న వరండా గాలి తోస్తే గొట్టాల శ్రుతి పైకి జరుగుతుంది. ఒక డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 3 సెంట్లు (సెంటు అంటే పక్కపక్క మెట్ల శ్రుతి తేడాలో నూరో వంతు).

గాలి దారికి 110 మి.మీ. పీవీసీ పైపు బాగా పనికొస్తుంది. బ్లోవరు దగ్గర ఒక జానెడు రబ్బరు గుడ్డ గొట్టం అతికితే అదురు గాలిపెట్టె దాకా పాకదు. తిత్తికి లోపల గాలి తెర పెట్టండి: తిత్తి పైకి లేచేకొద్దీ గాలి రంధ్రం మీదికి జారి మూసే గుడ్డ తెర. అది ఇరుక్కుపోతే తిత్తి పగలకుండా, పలక మరీ పైకి లేచినప్పుడు తాడు లాగి తెరిచే చిన్న రక్షణ వాల్వు తప్పనిసరి.

తోలు దగ్గర పొదుపు చేయకండి. పటికతో పదును చేసిన పలచని గొర్రె తోలు, వేడి చేసి వాడే తోలు జిగురు, ఈ రెండూ పాత పద్ధతే అయినా దశాబ్దాలు నిలుస్తాయి, మళ్లీ విప్పాలన్నా తడి గుడ్డతో విప్పవచ్చు. తెల్ల వడ్రంగి జిగురు చెక్కకు చెక్క అతకడానికి మంచిదే. తోలుకు వాడితే మరమ్మతు నాడు చెక్కతో సహా ఊడొస్తుంది.

చెక్క గొట్టాలు

చెక్క గొట్టాలంటే చవక సరుకని చిన్నచూపు అక్కర్లేదు. డెన్మార్క్‌లో ఫ్రెడెరిక్స్‌బోర్గ్ కోటలో ఉన్న, 1610 నాటి కొంపెనియస్ ఆర్గన్‌లో 1,001 గొట్టాలూ చెక్కవే. ఫిలిప్పీన్స్‌లోని లాస్ పిన్యాస్ చర్చిలో ఫాదర్ డియెగో సెరా 1824లో పూర్తిచేసిన ఆర్గన్‌లోనైతే 1,031 గొట్టాలకు 902 వెదురువి. పలుకును నిర్ణయించేది ప్రధానంగా నోరు. గోడ గాలి పట్టేలా గట్టిగా ఉంటే చాలు.

ముడులు లేని, నిటారు గీతల పైన్ లాంటి తేలిక కలప కావాలి, తేమ 8 నుంచి 12 శాతం. కోసిన పలకలను కొన్ని వారాలు ఆర్గన్ ఉండబోయే గదిలోనే పేర్చి ఉంచండి. నోటి మూత పలకకు మాత్రం గట్టి కలప. గోడ మందం అడుగు ఆక్టేవ్‌కు 12 మి.మీ., మధ్యలో 8, పైన 5. సబ్‌బేస్‌కు 19 మి.మీ. ప్లైవుడ్.

లోపలి కొలతలు, వెడల్పు × లోతు, మి.మీ.లో, పక్కన ధ్వని లెక్క ప్రకారం పొడవు:

సబ్‌బేస్ 16 అడుగుల సి: 127 × 165, పొడవు 2620
ఫ్లూట్ 8 అడుగుల అడుగు సి: 80 × 104, పొడవు 1311
రెండో సి: 50 × 66, పొడవు 655
మధ్య సి: 32 × 41, పొడవు 328
నాలుగో సి: 20 × 26, పొడవు 164
ఐదో సి: 12.6 × 16.4, పొడవు 82

మధ్య స్వరాల వెడల్పు కోసం ఒక్కో మెట్టుకు 1.0393తో భాగించుకుంటూ పోండి; 18 మెట్లకు వెడల్పు సగమవుతుంది. పొడవును దిమ్మ (గొట్టం అడుగున ఉండే చెక్క మొద్దు) పైఅంచు నుంచి కొలిచి, దానికి బిరడా (గొట్టం పైకొసను మూసే మూత) మందం కలిపి కోయండి. నోటి ప్రభావం వల్ల అసలు కావాల్సిన పొడవు దీనికన్నా తక్కువే, కాబట్టి బిరడా ఎప్పుడూ కొంచెం లోపలే ఆగుతుంది. ఐదో సి పైన ఉన్న 12 గొట్టాలకు బిరడా వద్దు. అంత బుల్లి బిరడాలతో శ్రుతి నిలవదు. వాటిని పైన తెరిచి, రెట్టింపు పొడవుతో చేయండి.

ఒక గొట్టాన్ని దగ్గరగా చూద్దాం, అడుగు సి. 80 × 104 మి.మీ. మందాన, 120 ఎత్తున ఒక దిమ్మ. దాని ముందు ముఖంలో, పైఅంచు కింద 8 మి.మీ. వదిలి, లోపలికి వాలుగా ఒక గొంతు తొలవండి. అడుగు నుంచి 14 మి.మీ. బెజ్జం ఆ గొంతులోకి చేరాలి; పాదం (గాలిపెట్టె నుంచి గాలి తెచ్చే సన్న గొట్టం) అందులోనే దిగుతుంది. పలకల లోపలి ముఖాలకు పలచని తోలు జిగురు రెండు పూతలు పూసి ఆరనివ్వండి, అతుకు పడే చోట వదిలేయండి. ఈ పూత చెక్క రంధ్రాలను మూస్తుంది; ఇది మానేస్తే గొట్టం గొంతు బొంగురుగా ఉంటుంది. తర్వాత రెండు పక్కలు, వెనక పలక దిమ్మకు అతికి, చివర్లో ముందు పలక. ముందు పలక దిమ్మ పైఅంచుకు 20 మి.మీ. ఎగువన మొదలవుతుంది. ఆ ఖాళీయే నోరు. పలక కింది అంచును బయటి నుంచి ఉలితో వాలుగా చెక్కి, కొస 1 మి.మీ. మందానికి తెస్తే పై పెదవి తయారు.

ఇక మూత పలక. దిమ్మ ముందు స్క్రూలతో బిగుస్తుంది, ఎప్పుడైనా విప్పేలా ఉండాలి. దీనికీ దిమ్మకూ మధ్య 0.8 మి.మీ. సందు కావాలి. ఉలితో అంత సన్నగా గీయడానికి తంటాలు పడక్కర్లేదు. మామూలు రాత కాగితం ఒక్కోటి దాదాపు 0.1 మి.మీ. మందం. మూత పలక రెండు నిలువు అంచుల కింద, అడుగున ఎనిమిదేసి కాగితపు పట్టీలు వేసి బిగిస్తే సందు సరిగ్గా వస్తుంది. గాలి ఎక్కువైతే ఒక పట్టీ తీయండి, చాలకపోతే కలపండి. మధ్య సి దగ్గర ఐదు, పైన మూడు. కొలత కుదిరాక అదే మందానికి అట్టముక్క జిగురుతో అతకవచ్చు.

బిరడాకు మెత్తని తోలు చుట్టి, చేత్తో తోస్తే బిగువుగా కదిలేలా చేయండి. లీకు చూడటానికి గొట్టం నోటిని అరచేత్తో మూసి, పాదం నుంచి మీ నోటితో గాలి పీల్చండి. నాలుక పాదానికి అతుక్కుని కాసేపు నిలవాలి. వెంటనే వదిలేస్తే ఎక్కడో అతుకు పోయింది. గొట్టాలు పలకకపోవడానికి ఎక్కువ కారణం ఇదే, కాబట్టి ఈ పరీక్ష దాటని గొట్టాన్ని గాలిపెట్టె దాకా తీసుకెళ్లకండి.

పాత ప్రిన్సిపల్ కొనేటప్పుడు

61 గొట్టాలూ ఒకే ఆర్గన్ నుంచి, ఒకే వరుసగా రావాలి. మూడు చోట్ల నుంచి ఏరితే పలుకు అతుకుల బొంతలా ఉంటుంది. అవి ఏ పీడనంలో పలికాయో అడగండి. 60 నుంచి 75 మి.మీ. మధ్య అయితే మీ గాలికి సులువుగా కుదురుతాయి. పైకొసలు చీలి ఉంటే భయం లేదు, రేకు తొడుగు వేసి శ్రుతి చేయవచ్చు. పెదవి వంగి ఉన్నా, లోపలి అడ్డురేకు కుంగి ఉన్నా ఆ గొట్టం పని పెంచుతుంది. నోటి దగ్గర పట్టుకుని ఎత్తకండి. ఆ లోహం తగరం, సీసం మిశ్రమం: రుద్దకండి, ఆకురాయి పొడి పీల్చకండి, పని అయ్యాక చేతులు కడగండి. మురికికి గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు.

గాలిపెట్టె, వాల్వులు

18 మి.మీ. ప్లైవుడ్‌తో, లోపల 120 మి.మీ. ఎత్తుతో గాలి బయటికి పోని పెట్టె. పైపలకలో గొట్టం పాదాలకు బెజ్జాలు, ప్రతి బెజ్జం కింద ఒక అయస్కాంత వాల్వు. అడుగు పలక విప్పేలా ఉండాలి, తోలు పట్టీ మీద 100 మి.మీ.కు ఒక స్క్రూ. పైపలకకు 130 మి.మీ. ఎత్తున ఇంకో పలక కట్టి, అందులో బెజ్జాలు తీసి గొట్టాలను నిలబెట్టండి. గొట్టాల మధ్య కనీసం 6 మి.మీ. సందు, నోటి ఎదుట ఇంకా ఎక్కువ. నోటికి ఎదురుగా మరో గొట్టం దగ్గరగా నిలిస్తే శ్రుతి తగ్గి, పలుకు ముసుగేసినట్టుంటుంది. పెద్ద గొట్టాలు ఇరువైపులా, చిన్నవి నడుమ వచ్చేలా ఒక మెట్టు ఎడమకు, తర్వాతి మెట్టు కుడికి పంచండి. సబ్‌బేస్ 12 గొట్టాలకు గోడ వారన వేరే పెట్టె. వెనక మనిషి దూరేంత దారి, 450 మి.మీ., వదలడం మరిచిపోతే శ్రుతి చేసిన ప్రతిసారీ సగం గొట్టాలు పీకాల్సి వస్తుంది.

గొట్టాలు పెట్టే ముందు, వాల్వులన్నీ తెరిచి బ్లోవరును పావుగంట నడపండి. రంపపు పొట్టు ఒక్క రేణువు వాల్వు తోలు కింద చేరినా ఆ స్వరం వేలు తీసినా ఆగదు. సరిగ్గా ఆరాధన మధ్యలోనే మొదలవుతుంది కూడా.

విద్యుత్ పని

కీబోర్డు, పెడల్ బోర్డు పారేసిన ఎలక్ట్రానిక్ ఆర్గన్ నుంచి తీసుకోండి. పొదుపు చేయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఏ మెట్లు నొక్కారో ఆర్డ్వినో మెగా అనే చిన్న ప్రోగ్రాం బోర్డు చదువుతుంది. దాని వెనక 74హెచ్‌సీ595 షిఫ్ట్ రిజిస్టర్లు (కొద్ది తీగలతో చాలా వాల్వులకు ఆదేశాలు పంచే చిప్పులు), వాటి వెనక వాల్వులకు కరెంటు ఇచ్చే యూఎల్‌ఎన్2803 చిప్పులు. ఒక్కోటి 8 వాల్వులు నడుపుతుంది కాబట్టి 134కు రెండు రకాలూ 17 చొప్పున కావాలి.

90 ఓమ్ వాల్వు 14 వోల్టుల దగ్గర సుమారు 0.155 ఆంపియర్లు తీసుకుంటుంది. పది వేళ్లు, నాలుగు స్టాపులు, పెడల్ కలిపి 46 వాల్వులు ఒకేసారి తెరుచుకుంటే 7 ఆంపియర్లు దాటుతుంది. 10 ఆంపియర్ల సప్లై, వరుసకో 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి.

రెండు తప్పులు తరచూ జరుగుతాయి. యూఎల్‌ఎన్2803లో 10వ కాలును (పిన్నును) 14 వోల్టుల ప్లస్‌కు కలపకపోతే, వాల్వు మూసుకున్నప్పుడల్లా వచ్చే ఎదురు వోల్టేజీ చిప్పును చంపుతుంది. రెండోది, స్విచ్ వేయగానే 134 గొట్టాల్లో సగం ఒక్కసారిగా అరవడం. షిఫ్ట్ రిజిస్టర్ కరెంటు అందిన క్షణంలో ఏ స్థితిలోనైనా ఉండవచ్చు. దాని 13వ కాలును 10 కిలో ఓమ్ రెసిస్టర్‌తో 5 వోల్టులకు కట్టి, ప్రోగ్రాం అన్నీ సున్నా చేశాకే ఆర్డ్వినో దాన్ని కిందికి లాగేలా చేస్తే ఆ అరుపు ఉండదు.

పలుకు దిద్దడం, శ్రుతి

నోటి ఎత్తు 20 మి.మీ.తో, అంటే వెడల్పులో నాలుగో వంతుతో మొదలుపెట్టాం. ఫ్లూట్‌కు చివరికి మూడో వంతు, అంటే 27 మి.మీ. దగ్గర కుదురుతుంది. అర మి.మీ. చొప్పున చెక్కుతూ వినండి. చెక్కిన పెదవి మళ్లీ పెరగదు.

గొట్టం అసలు స్వరం బదులు దానికి ఒక ఆక్టేవ్, ఆపైన ఒక పంచమం ఎత్తుకు ఎగిరి పలుకుతుంటే నోరు ఇంకా పొట్టిగా ఉంది, లేదా గాలి ఎక్కువ. ముందు పాదం బెజ్జంలో చిన్న చెక్క చీలిక దూర్చి గాలి తగ్గించి చూడండి, ఆ తర్వాతే ఉలి. ఆలస్యంగా, నీరసంగా పలికితే నోరు మరీ ఎత్తయింది, లేదా సందులోంచి వచ్చే గాలి పెదవికి తగలకుండా బయటికి పోతోంది. మూత పలకను పావు మి.మీ. పైకో కిందికో జరిపితే తేడా వెంటనే వినిపిస్తుంది. ఉస్సుమనే గాలి చప్పుడుంటే సందు గరుగ్గా ఉంది. సన్నని గరుకు కాగితంతో నునుపు చేయండి. ప్రతి స్వరం మొదట్లో టక్కుమనే శబ్దం మరీ ఎక్కువైతే దిమ్మ ముందు అంచున సన్నని గాట్లు పెట్టండి, తక్కువలో తక్కువ. గాట్లు ఎక్కువైతే పలుకు చప్పబడుతుంది.

శ్రుతికి ముందు గది వేడి ఒక పూట నిలకడగా ఉండాలి. మొదట 4 అడుగుల ప్రిన్సిపల్. మధ్య సి కింది ఎ మెట్టు నొక్కితే ఈ వరుసలో 440 హెర్ట్‌జ్ వస్తుంది, అక్కడి నుంచి సాగండి. అది పూర్తయ్యాక ఫ్లూట్‌ను దానికి కలపండి. బిరడా లోపలికి తోస్తే శ్రుతి పెరుగుతుంది, లాగితే తగ్గుతుంది. రెండు గొట్టాలు కలిసి పలికినప్పుడు వినిపించే అల నెమ్మదించి ఆగిపోయిన చోటే సరైన చోటు. చేతి వేడికి కూడా గొట్టం పైకి జరుగుతుంది కాబట్టి ముట్టుకున్నాక ఒక నిమిషం ఆగి మళ్లీ వినండి.

మొదటి ఏడాది చెక్క ఇంకా సర్దుకుంటూనే ఉంటుంది. ఆరు నెలలకు గాలిపెట్టె స్క్రూలన్నీ పావు చుట్టు బిగించి, బిరడాలు వదులయ్యాయేమో చూడండి. బ్లోవరు పీల్చే నోటికి, తిత్తి చుట్టూ సన్నని ఇనుప జాలి కొట్టడం వాయిదా వేయకండి. తోలు జిగురు ఎలుకలకు తిండి.